తడిబండపై మొదటి అడుగు

పల్లమునందు పుట్టి పెరిగినవారికి కొండయెక్కుటను గూర్చి అభిప్రాయము చెప్పు నధికార మెక్కడిదని కొందరు మమ్ము నడుగవచ్చును. ఏలూరినుండి కొల్లేటివరకు కనుచూపుమేర వరిచేలు, చేపలచెరువులు, గట్లు. తాడేపల్లిగూడెమువైపు పోయినను చదునునేలయే. రాయి యనగా ఇంటి పునాదికి బండ్లమీదను లారీలమీదను ఎక్కడినుండియో వచ్చునట్టిది. అయినను జారుట యననేమో మాకు తెలిసినంత మెట్టవారికి తెలియదు. చెరువురేవులో పాచిపట్టిన మెట్టు, శ్రావణమాసములో గట్టుమీది బంకమన్ను, కొల్లేటిలో దోనెలోనికి కాలుపెట్టు మొదటి క్షణము ఎరిగినవారు తడిబండను గూర్చి నాలుగు మాటలు చెప్పవచ్చుననియే మా నమ్మకము.

పిల్లలలో తరచుగా వినబడు వాదమొకటి కలదు. బండ యెక్కువాడు అడుగున తోటివాని భుజముమీద నిలిచి మొదటి పట్టు నందుకొన్నచో, వాడు ఎక్కినట్లా, ఎక్కింపబడినట్లా? తనంతట తా నెక్కినవాడే ఎక్కినవాడని ఒక పక్షము. పైకి చేరినవానిని ఎట్లు చేరితివని అడుగనవసరమే లేదని మరియొక పక్షము. పెద్దలలో మూడవ పక్షము కూడ కలదు. వారి మాట, అసలు ఎక్కనే వలదని. ఈ మూడింటిలో దేనితోను మేము పూర్తిగా ఏకీభవింపజాలము. బండ తడిసియున్నపుడు మొదటి నిలువెత్తు దాటుటకు బుద్ధికి తోచిన ఉపాయము నెద్దానినైనను నిస్సంకోచముగా ప్రయోగింపవచ్చుననియు, తోటివాని భుజ మందులో సిగ్గుపడదగినది కాదనియు, అయితే ఎక్కువాని క్షేమముకంటె భుజమిచ్చువాని క్షేమమును ముందుగా చూడవలెననియు మా అభిప్రాయము.

మొదటి నిలువెత్తే కష్టమేల? ఎత్తు పెరిగినకొలది అపాయము పెరుగవలెను గదా యని నేలమీద నుండి చూచువారి లెక్క. త్రాడు కట్టుకొని ఎక్కువాని లెక్క వేరు. ముందు పోవువాడు తన నడుమునకు కట్టిన త్రాటిని, రాతిలో బిగించిన మేకునకు తగిలించిన కొక్కెములో వేసిన పిమ్మటనే ఆ త్రాడు వానిని పట్టగలదు. ఆ మొదటి మేకు సాధారణముగా తలకు మించిన ఎత్తున నుండును. అంతవరకు వాని నడుమున త్రాడున్నను లేనట్లే. అక్కడనుండి జారినవాడు చావకపోవచ్చును గాని, చీలమండ విరుగుటకు ఆ యెత్తు చాలును.

మన తాటిచెట్టెక్కువాని సంగతి చూడుడు. అతడు నేలమీదనే మోకును చెట్టునకును తనకును కలిపి చుట్టుకొనును. పాదములకు బందము తగిలించుకొనును. మొదటి అడుగునుండియు మోకు అతనితోకూడ పైకి జరుగుచుండును. కావున చెట్టెక్కువానికి మొదటి నిలువెత్తనునది ప్రత్యేకమైన గండము కాదు. వానకు నానిన మ్రాను నడుమను జారును, తలను జారును. ప్రతి వర్షాకాలమును గీతవారు పడి నడుములు విరుగగొట్టుకొనుట మనము వినుచునేయున్నాము. బండ యెక్కువానికైనచో ఆ మోకు లేదు. బండను చుట్టివచ్చు మోకు ఏ చేతులు పేనగలవు?

పైగా బండలో మిక్కిలి తడిసియుండు భాగము అడుగుభాగమే. పైన కురిసిన నీరంతయు అక్కడికే దిగును. చెట్లనీడ అక్కడనే, గాలి సరిగా తగులదు, నేలనుండి చిందిన బురద అక్కడనే అంటుకొనును. ఎక్కబోవువాని జోళ్ల అడుగున తడిమన్ను పట్టియుండును. పదిమంది ఎక్కు త్రోవయైనచో మొదటి పట్టులు చేతులును కాళ్లును రాచుకొని పాతగుడి గడపవలె నున్నబడియుండును. తెలంగాణపు గుట్టలమీద నిలువునా దిగిన నల్లని చారలు రైలులో పోవుచు చాలమంది చూచియుందురు. అవి వాననీటి దారులు. వానియందు నాచువంటి సూక్ష్మమైన పాకుడు బ్రతుకుచుండును. ఎండలో గరుకుగానుండి నమ్మించు ఆ చారయే వానలో సబ్బువలె నగును. కొత్తవాడు సరిగా దానిమీదనే కాలు పెట్టును, ఏలయన అదియే త్రోవవలె కనబడును.

ఇట్టిచోట మొదటి ఉపాయము ఆగుట. దీనిని పిరికితనమని పిల్లలు నవ్వుదురు. భువనగిరి కొండవంటి గట్టిరాయి నీటిని లోనికి పీల్చదు. ఎండయు గాలియు తగిలినచో త్వరలోనే పైపై తడి ఆరిపోవును. ఒక గంట కూర్చుండి అటుకులు తిన్నవాడు, ఆ గంటయు జారి జారి మోకాళ్లు గీచుకొన్నవానికంటె ముందుగా శిఖరము చేరుట అరుదు కాదు. రెండవది చూచుట. త్రోవ ఇక్కడ మొదలగుచున్నదని చెప్పినంతమాత్రమున కాలును ఇక్కడనే మోపవలెనని లేదు. నాలుగు బారలు ప్రక్కకు పోయి, పొడిగానున్న ఉబ్బుమీద ఎక్కి, నీటిచారకు పైగా అడ్డముగా నడచి అసలు త్రోవలోనికి రావచ్చును.

జోళ్ల విషయము చిన్నదిగా తోచును గాని దానియందే చాలవరకు జయాపజయము లున్నవి. బండ మొదట గోనెపట్ట యొకటి పరచి, దానిపై నిలిచి, గుడ్డతో జోళ్ల అడుగు పొడిగా తుడిచి, మరల మన్ను తొక్కక నేరుగా రాతిమీద కాలు మోపవలెను. మన పాఠశాల గుమ్మములో గోనెపట్ట ఏల వేయుదుమో ఎరిగినవారికి ఇది వేరుగా బోధింప నక్కరలేదు. ఇక దేహము సంగతి. భయపడినవాడు బండను తల్లివలె కౌగిలించుకొనును. అట్లు చేసినతోడనే పాదములు వెలికి తన్నుకొని జారును. దేహమును రాతికి దూరముగా, నిలువుగా, పాదములమీద బరువు పడునట్లు ఉంచవలెను. పొడిరాతిమీద ఏటవాలున రబ్బరు పట్టును; తడిరాతిమీద ఆ నమ్మకము లేదు గావున అంచులను, గుంటలను, పగుళ్లను వెదకవలెను. పగులులో దూర్చి బిగించిన పిడికిలి తడికి అంతగా లోబడదు.

వెదురుగెడ చివర కొక్కెము తగిలించి, నేలమీద నిలిచియే మొదటి మేకునకు త్రాటిని అందించు పద్ధతియు కలదు. దీనిని మోసమనువారున్నారు. మామిడికాయలు కోయుటకు చిక్కపుగెడ యెత్తినవానిని ఎవరైన మోసగాడనిరా? కొండకు వెనుక నడకదారి యున్నచో, ఒకడు చుట్టుపోయి పైనుండి త్రాడు విడిచిన నింకను మేలు. క్రింద నిలిచినవాడు చేతులు పైకెత్తి సిద్ధముగా నుండుట మరియొకటి. వాని పని పడువానిని బంతివలె పట్టుట కాదు, తల రాతికి తగులకుండ పాదములమీద దిగునట్లు త్రోయుట.

ఇంగ్లండు దేశమున తడిబండలకు కొదువలేదు గావున అక్కడివారు ఈ విద్యలో ఆరితేరినారు. తడిసిన రాతిమీద తోలుజోడుకంటె ఊలుమేజోడు మేలుగా పట్టునని వారు చాలకాలము క్రిందటనే కనుగొని, జోళ్లు విప్పియో, జోళ్లమీదనే మేజోళ్లు తొడిగియో ఎక్కుచుండిరి. వారిలో ఓవెన్ గ్లిన్ జోన్సు అనునాయన యొక యుపాధ్యాయుడు. లండనులో సిటీ ఆఫ్ లండన్ స్కూలునందు భౌతికశాస్త్రము బోధించుచు, సెలవులలో బండలెక్కువాడు. 1899 జనవరిలో, నడిచలికాలమున, పిల్లర్ రాక్ అను పెద్దబండయందు నీరు ధారలుగా కారు వాకర్స్ గల్లీ యను సందును ఇద్దరు మిత్రులతో గూడి మొదటిసారిగా ఎక్కినవాడాయన. అందు కడపటి ఘట్టమున బూట్లు విప్పియే ఎక్కెను. ఈయన పేరు ఇంకొక సందర్భమున మరల వచ్చును.

ఇక భుజము మాట. ఎవరెస్టు ఉత్తరపు శిరమున, టిబెట్టు వైపున, సుమారు 8,600 మీటర్ల యెత్తున రెండవ మెట్టని పిలువబడు నిట్రమైన రాతిగోడ యున్నది. 1960 మే నెలలో చైనాదేశపు నలుగురు అక్కడికి చేరిరి. గోడ పైభాగమున నిలువెత్తుకు రెండింతలకు మించిన నున్నని పలక. వారిలో ల్యూ లియెన్‌మాన్ అనునతడు ముందుగా ప్రయత్నించి, పడి, మరల ప్రయత్నించి, మరల పడెను. అతడు హార్బిను నగరమున మంటలార్పు దళములో పనిచేసినవాడు. మంటలలో గోడ లెక్కునపుడు ఒకని భుజములమీద నొకడు నిలుచుట అతనికి అలవడిన విద్య. అతడు గోడ కానుకొని వంగెను. ఛూ యిన్‌హువా అనునతడు మేకుల బూట్లతో మిత్రుని భుజములు త్రొక్కుటకు మనసొప్పక, ఆ చలిలో బూట్లు విప్పి, మేజోళ్లతో అతని భుజముల మీదికెక్కి పైకి చేరెను. దానివలన అతని కాలివ్రేళ్లు చలికి చచ్చి పోయినవి. ల్యూ మాత్రము అలసి ఆ పైని కొంతదూరమునకే ఆగిపోయెను. తన వంతు ప్రాణవాయువును తాను పీల్చక, తిరిగివచ్చు మిత్రులకని దాచియుంచెను. మిగిలిన ముగ్గురు, ఛూ, వాంగ్ ఫూజౌ, గొంపో, మే 25వ తేది తెల్లవారకమునుపే శిఖరము చేరిరి. చీకటిలో ఫొటో తీయ వీలుపడలేదు గనుక లోకము చాలకాలము వారి మాట నమ్మలేదు. అది తడికాదు, మంచు. అయినను పట్టులేని నున్నని రాతికి క్రింద నిలిచిన మనుష్యుని చిక్కు ఒక్కటే.

1975లో మరల వచ్చిన చైనాదళము ఆ పలకమీద లోహపు నిచ్చెన బిగించెను. 2014లో నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణయు, ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనందకుమారును ఆ యుత్తరపు దారినే ఎక్కిరి. ఇద్దరును సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. వారు మొదట బండ నెక్కుట నేర్చినది భువనగిరి కొండమీద, శేఖరబాబు బచినేపల్లి శిక్షణలో. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. వారు శిఖరమున నిలిచిన దినమును మే 25వ తేదియే. ల్యూ లియెన్‌మాన్ తన దేహమునే నిచ్చెనగా నిలిపిన చోట, సరిగా 54 ఏండ్లకు, మన పిల్లలు నిచ్చెనమెట్లమీద కాలు మోపి పోయిరి. ఆ నిచ్చెన నుపయోగించినందున పూర్ణ ఎక్కలేదని వాదించువా రెవరైన నున్నచో మా యెదుటికి రావచ్చును. నిచ్చెన తప్పు కానపుడు భుజమెట్లు తప్పగును?

అయినను మేము పిల్లలకు అడ్డులేని అనుమతిపత్రము వ్రాసి యిచ్చుటలేదు. పైన చెప్పిన జోన్సు ఉపాధ్యాయుడు అదే 1899 ఆగస్టులో స్విట్జర్లండునందు దాఁ బ్లాంష్ అను శిఖరమునకు పోయెను. అయిదుగురు ఒకే త్రాట కట్టుకొనియుండిరి. నున్నని రాతిగోడ అడ్డువచ్చినపుడు ముందున్న మార్గదర్శి కాలు మోపుటకై ఒక మంచుగొడ్డలిని తోటి మార్గదర్శియు జోన్సును పట్టియుంచిరి. దానిమీద నిలిచినవాని చేతిపట్టు తప్పెను. అతడు తన్ను మోయుచున్న వారిమీదనే పడెను. అతని బరువు వారిని పెకలించెను. నాలవవానిని ఆ త్రాడే లాగికొనిపోయెను. అయిదవవానికి ముందు త్రాడు తెగినందున అతడొక్కడు మిగిలెను. జోన్సునకు అప్పటికి ముప్పదియొక్క యేండ్లు. ఊలుమేజోళ్ల గుణము, రాపిడి బలముల లెక్క ఆయనకంటె బాగుగా నెరిగినవా రరుదు. ఈ కథ చదివి బండలెక్కుటయే తప్పనువారు మూడవ పక్షమువారు. మే మందులో చదువుకొన్నది వేరు. భుజమిచ్చువాడు విడిగా, స్థిరమైన రాతికో చెట్టునకో కట్టబడియుండవలెను. నిలిచిన నేల చదునుగా నుండవలెను. పడినచో ఎచ్చట పడుదుమో చూచుకొనియే ఒకరి భుజ మెక్కవలెను. ఇవి లేనిచోట భుజము సాయము కాదు. ఒక ప్రమాదమును రెండు చేయుటయే.

భుజము నెక్కినవాడు ఆ మాట దాచరాదు. ఆ మొదటి పక్షమువారిలో మాకు నచ్చిన న్యాయ మింతమాత్రమే. ఇంగ్లీషువారి ఆరోహణ గ్రంథములలో ఎచ్చట భుజ మాధారముగా ఎక్కిరో అచ్చట ఆ మాట వ్రాసియుంచుట ఆచారము. మన పిల్లవాడును ఇంటికిపోయి, నేను ఫలానావాని భుజముమీదనుండి మొదటి పట్టు నందుకొంటినని చెప్పవలెను. క్రింద నిలిచి భుజము కాయలు కాచినవాని పేరు చెప్పక తన పేరే చెప్పుకొనుట మాత్రమే మాకు మోసముగా తోచుచున్నది.

ఇక తల్లిదండ్రులతో ఒక్కమాట. మీరు వలదన్నంతమాత్రమున పిల్ల లెక్కక మానరు. కార్తికమాసమున వనభోజనములకు కామవరపుకోట దగ్గరి గుంటుపల్లికి తీసికొనిపోవుదురు. పిల్లలను అరగంట విడిచిపెట్టుడు. ఎవ్వరు మెట్లమీదనున్నారో, ఎవ్వరు గుహల నెత్తిమీదనున్నారో చూడుడు. అక్కడ మా యభిప్రాయము కఠినము. గుంటుపల్లిలో ఎవ్వరును, తడిలోగాని పొడిలోగాని, భుజముతోగాని భుజము లేకగాని ఎక్కరాదు. రెండువేల యేండ్లకు పైబడిన బౌద్ధుల గుహలవి. కఱ్ఱదూలములను రాతిలో చెక్కి చూపిన ఆ గుండ్రని చైత్యము వంటిది మనదేశమున మిక్కిలి యరుదు. పురావస్తుశాఖ రక్షణలోనున్న స్థలము. ఇది చాలనివారికి ఇంకొక కారణము కలదు. ఆ రాయి భువనగిరి రాయి కాదు, ఇసుకరాయి. ఇసుకరాయి నీటిని పీల్చును. రేణువులను పట్టియుంచు బంధము నానినపుడు మెత్తబడి, నిన్న మనిషిని మోసిన అంచు నేడు చేతిలోనికి ఊడివచ్చును. పైన ఎండి తెల్లగా కనబడుచుండగనే లోపల తడిగానుండును. అందువలననే ఇసుకరాతి దేశములలో బండలెక్కువారు వాన వెలసిన పిదప ఒకటి రెండు దినములు రాతిని తాకనే తాకరు. ఇచ్చట గంటసేపు అటుకులు తిని కూర్చున్నను లాభము లేదు.

ఏ రాయి ఎట్టిదో తెలియని పిల్లవానికి ఉపాయములు నేర్పుట కత్తి యిచ్చి ఒర యియ్యకుండుటయే. కావున నేర్పించినచో పూర్తిగా నేర్పింపవలెను. పాఠశాలలు వేసవి యాత్రలకని చేయు వ్యయములో కొంత మిగిల్చి, పై తరగతుల పిల్లలను కొద్దిమందిని, బాలికలనుకూడ, సంక్రాంతి సెలవులలో భువనగిరి కొండకు శిక్షకుల యొద్దకు పంపవలెనని మేము కోరుచున్నాము. అప్పటికి వానలు వెలిసి బండ ఆరియుండును. మొదటి రెండు దినములు నిలువెత్తుకు మించి ఎక్కనీయక, మొదటి అడుగే నూరుమారులు వేయింపవలెను. అది వచ్చిన పిమ్మట రెండు కడవల నీరు బండ మొదట క్రుమ్మరించి, అదే అడుగు తడిలో వేయింపవలెను. క్రింద మందమైన పరుపు, ప్రక్కను చేతులెత్తిన తోటివాడు, పైనుండి త్రాడు. నూరవమారు కూడ జారినవాడు మెచ్చదగినవాడే. భుజమిచ్చుటకు వాని వంతు వచ్చినపుడు మాత్రము కాళ్లు కదల్చరాదు.

పిల్లలవెంట పంపవలసిన సామానులో త్రాళ్లు, టోపీలు శిక్షకుల యొద్దనే యుండును. మనము గోనెపట్టలు రెండు, పాతగుడ్డలు నాలుగు ఇచ్చిన చాలును. ఏలూరి బజారులో ఊలుమేజోళ్లు అమ్మువాడు దొరకుట కష్టము. పాత స్వెట్టరు చేతులు కత్తిరించి ఒక ప్రక్క కుట్టినచో జోళ్లమీదికి సరిపోవును.